వాన పడితే చెత్త బండి మీ వీధికి రావడం లేదా?

శ్రీకాకుళంలో మా అపార్ట్‌మెంట్ కింద నాలుగు షాపులు, ఒక టిఫిన్ హోటలు ఉన్నాయి. అసోసియేషన్ పనులు నెత్తికెత్తుకున్నప్పటి నుంచి చెత్త గొడవంతా నాదే. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో, డైపర్లు, పాత మందులు ఎరుపు డబ్బాలో వేయాలని మీకు తెలుసనే అనుకుంటున్నా. అది కూడా చేయకపోతే కింద రాసినదేదీ పనికిరాదు.

ఎండాకాలంలో బండి రాలేదు

చాలాసార్లు బండి వచ్చే ఉంటుంది, మీరే లేవలేదు. ఎండ ముదిరాక కార్మికులు పెందలాడే మొదలుపెట్టి, పొద్దెక్కక ముందే ముగించేస్తారు. రోహిణి కార్తెలో పదింటికి బండి కోసం ఎదురుచూడటం మన తప్పే. వార్డు సచివాలయానికి ఫోన్ చేసే ముందు పక్కింటి డబ్బా చూడండి. అది ఖాళీగా ఉంటే మీ ఫిర్యాదు అక్కడితో అయిపోయింది.

రోజూ ఖాళీ చేస్తున్నా డబ్బాలో పురుగులు

అడుగున నీళ్లున్నాయి. చికెన్ కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన సాంబారు అన్నీ డబ్బాలోకే పోస్తే ఇంతే. ఈ వేడికి ఈగ గుడ్డు ఒక్క రోజులోపే పురుగవుతుంది. చెత్తను చిల్లుల గిన్నెలో వార్చి వేయండి, డబ్బా అడుగున పాత పేపరు రెండు మడతలు పరవండి, వారానికోసారి కడిగి ఎండలో బోర్లించండి. కడిగేటప్పుడు బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

వాన పడిన మర్నాటి నుంచి బండి వీధిలోకి రావడం లేదు

వీధిలో నీళ్లు నిలిచాయి, గుంట ఎక్కడుందో డ్రైవరుకు కనపడదు, అందుకే రాడు. కాలువ పారకే నీళ్లు నిలిచాయి. ఇంతవరకు అందరూ చెబుతారు. కాలువ తీయిస్తారు, నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ వానకి మళ్లీ అదే మడుగు.

నేనూ అలాగే మోసపోయాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. అంతకు వారం ముందే మనుషుల్ని పెట్టి కాలువ తీయించాను. అయినా తుపాను వెళ్లాక మూడు రోజులు బండి రాలేదు. హోటలు డబ్బాలు పొంగి ఇడ్లీ పిండి, అరటాకులు మెట్ల మీదకొచ్చాయి. "ఏటి సార్, కాలువ మొన్ననే తీయించారు కదా!" అని హోటలాయన నన్నే నిలదీశాడు. సమాధానం లేక కాలువ వెంట నడిచాను. అపార్ట్‌మెంట్‌లోకి బండ్లు ఎక్కేందుకు కాలువ మీద పలక వేసి కట్టిన మా ర్యాంపుకు ఎగువన కాలువ అంచుల దాకా నిండి ఉంది. దిగువన చీలమండ కూడా మునగదు. అప్పుడు వెలిగింది.

ర్యాంపు పలక కింద కాలువకు అడ్డంగా ఒక కుళాయి పైపు పోతోంది. దానికి ఒక పాల కవరు చుట్టుకుంది. దానికి కొబ్బరి పీచు, పీచుకు ఇంకో కవరు. అలా ఏళ్ల తరబడి అల్లుకుని దిండులా తయారైంది. పూడిక తీసేవాళ్ల పార తెరిచి ఉన్నచోటే పడుతుంది, పలక కింద ఏముందో ఎవరూ చూడరు. మామూలు రోజుల్లో సందుల్లోంచి నీళ్లు కారిపోతాయి కాబట్టి అనుమానమూ రాదు.

అందుకే అర్జీ రాసే ముందు, వాన ఆగిన అరగంటలో, ప్రతి పలకకూ అటూ ఇటూ నీటి మట్టం చూడండి. రెండు వైపులా సమానంగా ఉంటే దిగువకి నడవండి. ఎక్కడ బెత్తెడు తేడా కనిపిస్తే అడ్డు అక్కడే. కాలువ ఎండి ఉంటే ఎగువన గుప్పెడు ఊక చల్లి నాలుగు బకెట్ల నీళ్లు వదలండి. ఊక అవతల తేలకపోతే దొరికినట్టే. ఈ చిన్న పని చేయమని ఎంతమందికి చెప్పానో! ఒక్కరూ వంగి చూడరు.

తీసేటప్పుడు ఎగువ నుంచి పొడవకండి, అంతా పైపుకు ఇంకా బిగుస్తుంది. నేను మొదటిసారి చేసిన పని అదే. దిగువ నుంచి వెదురు గెడతో మెల్లగా వెనక్కి నెట్టాలి, ఎగువన ఇంకొకరు కొక్కెంతో లాగాలి. ప్లాస్టిక్ పైపైతే మరీ జాగ్రత్త, పగిలితే తాగే నీళ్లలో మురుగు కలుస్తుంది. చేయి పెట్టొద్దు. గాజుపెంకుల సంగతి అటుంచి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పుండుకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. తీసిన పూడికను ఆరోజే అక్కణ్నుంచి ఎత్తించండి, గట్టున వదిలితే వచ్చే వానకి మళ్లీ లోపలికే. వీలైతే పైపును పక్కకు మార్పించి, పలకను ఎత్తి పెట్టుకునేలా ముక్కలుగా వేయించండి.

రాత్రిపూట చెత్త కవర్లు ర్యాంపు మీద పెట్టడం కూడా మానాలి. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచే నిషేధం. కాలువలో ఇరుక్కునేవి మాత్రం ఇప్పటికీ అవే.

తుపాను హెచ్చరిక వచ్చింది

కళింగపట్నంలో ప్రమాద సూచిక ఎగరేశారని వినగానే మేడ మీది, వీధిలోని డబ్బాలన్నీ లోపలికి తెచ్చేయండి. ఆ రాత్రికి ఏ చెత్తా బయట పెట్టొద్దు. హోటళ్లు, చికెన్ షాపులు ఫ్రిజ్ సరుకు తగ్గించుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన జిల్లాలోని ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కుళ్లిన మాంసం, చేపలు బావికీ బోరుకీ దూరంగా లోతైన గోతిలో పూడ్చండి. పడిన కొమ్మలు, కొబ్బరి మట్టలు తడి చెత్తతో కలపకుండా రోడ్డు పక్కన కుప్ప వేయండి. మట్టల మీద కరెంటు తీగ పడి ఉంటే దగ్గరికే పోవద్దు.

ఇక కుక్కలు డబ్బా లాగేశాయా, మూత గాలికి పోయిందా? మూత మీద ఇటుక పెట్టండి. సమ్మె అయితే పేపర్లో వస్తుంది. బండి రిపేరుకు వెళ్తే ఒకటి రెండు రోజులు ఆగండి. అప్పటికీ రాకపోతే, వాన పడిందో లేదో గుర్తు తెచ్చుకుని ర్యాంపు దగ్గరికి వెళ్లండి.