వారానికోసారి తీసే కారు బ్యాటరీకి ఏ చార్జర్ కొనాలి?

నేను పరకాల వైపు ఒక ఊళ్లో సైన్స్ టీచర్‌ని. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక హనుమకొండ నుంచి బడికి బస్సులోనే పోయి వస్తున్నాను. కారు వారమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది, ఆదివారం బయటికొస్తుంది. మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది కార్లదీ ఇదే పరిస్థితి. అందుకే "మేడమ్, బండి సెల్ఫ్ తీసుకుంటలేదు, ఏ చార్జర్ కొనాలె?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

తాళం వేసిన కారు కూడా అలారానికీ, ఈసీయూకీ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) బ్యాటరీ నుంచి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తూనే ఉంటుంది. అది 30 మిల్లీ యాంప్స్ అనుకుందాం. రోజుకు 0.72 ఏహెచ్ (యాంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత), నెలకు 21 దాటుతుంది. చిన్న పెట్రోల్ కార్లలో సాధారణంగా ఉండేది 35 ఏహెచ్ బ్యాటరీ. మీరే చూసుకోండి. ఆదివారం భద్రకాళి గుడిదాకా ఒక రౌండు వేసొస్తే ఆ లోటు తీరదు. డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో ఉంటే నెల దాకా కూడా ఆగక్కర్లేదు.

చార్జర్ డబ్బా మీద ఏడు స్టేజీలు, తొమ్మిది స్టేజీలు అని పెద్దక్షరాలతో ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ లేబుల్ చదవండి. ఏహెచ్ అంకెలో పదో వంతు యాంప్స్ ఉన్న చార్జర్ చాలు. 35కి 4 యాంప్స్, డీజిల్ బండ్ల 60, 70కి 6 లేదా 7. తొందరగా నిండుతుందని 15 యాంప్స్‌ది తెస్తే చిన్న బ్యాటరీ వేడెక్కి పాడవుతుంది. ఇంటి ఇన్వర్టర్‌కు కారు బ్యాటరీ తగిలించే అన్నలకూ ఇదే మాట. దాని చార్జింగ్ 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని చేసింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కారైతే లేబుల్ మీద ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో ఉంటుంది, ఇవి అలాంటి కార్ల కోసం చేసిన బ్యాటరీ రకాలు. ఏజీఎం అయితే ఆ మోడ్ ఉన్న చార్జరే తీసుకోవాలి. లిథియం మోడ్ జోలికి మాత్రం పోవద్దు.

ఇక మన ఎండల సంగతి. పేరున్న చార్జర్లు చాలావరకు చలిదేశాల్లో తయారైన డిజైన్లు. వాటిలో కొన్నిటి మీద మంచు పువ్వు గుర్తుతో ఒక మోడ్ ఉంటుంది. అది పెడితే వోల్టేజీ 14.4 దగ్గర ఆగకుండా 14.7 దాకా పోతుంది. అది గడ్డకట్టే చలికి, లేదంటే ఏజీఎం బ్యాటరీకి. మే నెలలో వరంగల్‌లో మామూలు నీళ్ల బ్యాటరీకి అది పెడితే లోపలి నీళ్లు గ్యాసై పోతాయి. నిజానికి వేడి పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గాలి. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.02 వోల్టు చొప్పున, 40 డిగ్రీల సెల్లార్‌లో 14.4 కాస్తా 14.1కి దిగాలన్నమాట. దీన్ని తనంతట తానే సర్దుకునే చార్జర్లు ఉన్నాయి. స్పెసిఫికేషన్లలో "టెంపరేచర్ కాంపెన్సేషన్" అన్న మాట ఉందేమో వెతకండి. కొంచెం ధర ఎక్కువైనా నేనైతే దానికే ఓటేస్తాను. అది లేని చార్జర్ అయితే ఎండాకాలంలో రాత్రి పూటే పెట్టండి.

కరెంటు పోయి వస్తే చార్జర్ ఏం చేస్తుందన్నది కూడా అడగాలి. కొన్ని వదిలిన చోటి నుంచి మళ్లీ మొదలుపెడతాయి. కొన్ని మనం వచ్చి బటన్ నొక్కేదాకా స్టాండ్‌బైలో ఊరికే కూర్చుంటాయి. రాత్రి పెట్టి పడుకునేవాళ్లకు మొదటి రకమే పనికొస్తుంది. షాపులో బ్యాటరీకి తగిలించి, ప్లగ్ ఒకసారి పీకి పెట్టమంటే తెలిసిపోతుంది. అమెరికా నుంచి తమ్ముడు తెచ్చిన చార్జరైతే ఇన్‌పుట్ 220–240 వోల్టులు ఉందో లేదో చూడకుండా సాకెట్‌లో పెట్టొద్దు.

చార్జర్ కొనే ముందు ఓ మల్టీమీటర్ అడిగి తెచ్చుకోండి. కారు రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఎంత చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే తిరుగుతుంటే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే. అప్పుడు ఎంత స్మార్ట్ చార్జర్ అయినా దండగే, ఆ డబ్బు కొత్త బ్యాటరీకి పెట్టండి.

తగిలించేటప్పుడు ముందు ఎర్ర క్లిప్ ప్లస్‌కు, తర్వాత నల్ల క్లిప్ బ్యాటరీకి దూరంగా రంగు లేని ఇనుముకు, ఆఖరున స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత నలుపు, ఆ తర్వాత ఎరుపు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆ దరిదాపుల్లో బీడీ, సిగరెట్ వద్దని వాచ్‌మన్‌కు కూడా చెప్పాలి.

సెల్లార్‌లో కామన్ మీటర్ కరెంటు వాడుతున్నారని అసోసియేషన్‌లో ఎవరైనా పేచీ పెడితే లెక్క చూపించండి. 35 ఏహెచ్ బ్యాటరీని అడుగు నుంచి నింపినా ఒక యూనిట్ కూడా కాలదు.