వైష్ణోదేవి రోప్‌వే గురించి వాదించే ముందు ఇవి చూడండి
ముందు మ్యాప్ తీసి అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడండి. కొండ కింద కట్రా ఊరి దగ్గరున్న తారాకోట్ నుంచి పైన గుడికి దగ్గర్లోని సాంఝీఛత్‌కి వేస్తామని ఆలయ బోర్డువాళ్లు అన్నారు, అంటే కట్రా నుంచి గుడికి నడిచే 13 కిలోమీటర్ల దారిలో చాలా భాగం జనం పైనుంచే దాటేస్తారు.

తర్వాత ఆ దారి మీద ఎవరు బతుకుతున్నారో లెక్కేయండి, గుర్రాలవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు, చంటిపిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని ఎక్కే పిట్ఠూలు, టీ కొట్లవాళ్లు, 2024 చివర్లో కట్రాలో బంద్‌కి దిగింది వీళ్లే, పొట్ట మీద కొడితే ఎవరైనా ఊరుకుంటారా?

అలాగని మోకాళ్ల నొప్పులున్న మన అమ్మమ్మల్ని మర్చిపోవద్దు, వాళ్లకిది నిజంగా అవసరం. అమ్మవారి గుడి ఉన్న భవన్ నుంచి ఇంకా పైనున్న భైరోన్ గుడికి 2018 డిసెంబర్ నుంచి రోప్‌వే నడుస్తూనే ఉంది, అది ఎక్కినవాళ్లని కూడా అడగండి.

నా మటుకు నేను రోప్‌వేకి ఒప్పుకుంటా, కానీ ముందు ఆ దారి మీద బతికేవాళ్లకి వేరే పని ఏం చూపిస్తారో కాగితం మీద రాసివ్వాలి, స్తంభాలు ఆ తర్వాతే.