ముఖం మీది బరువును తల మీదికి: వీఆర్ హెడ్‌సెట్‌ను హాయిగా పెట్టుకునే పద్ధతి

కిందటి వేసవిలో అమలాపురంలో మా మేనత్తగారికి కాశీ ఘాట్లు చూపిద్దామని మెటా కంపెనీ క్వెస్ట్ 2 వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు కట్టుకుంటే చుట్టూ వేరే చోటు ఉన్నట్టు కనిపించే పరికరం) తగిలించాను. ఐదు నిమిషాలైనా గడవకముందే ఆవిడ తీసేసి, "ముక్కు మీద సన్నికల్లు పెట్టినట్టుందిరా" అన్నారు. రెండు చెంపల మీదా ఎర్రని గీతలు పడ్డాయి. వెనక పట్టీ ఆవిడ కొప్పు మీద ఆగి పైకి జారిపోతుంటే, జారకుండా ఉండాలని నేను పక్క పట్టీలను ఇంకా బిగించాను. పొరపాటు అక్కడే జరిగింది. పట్టీని కొప్పు కిందికి దించి, నడినెత్తి మీది పట్టీని సరిచేశాక ఆవిడ ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుని గంగాహారతి చూశారు.

క్వెస్ట్ 2 బరువు 503 గ్రాములు, క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. అరకిలో బరువు తలకు లెక్కలోది కాదు. అయితే అందులో దాదాపు అంతా కళ్లకు ముందు వేలాడుతూ ఉండడం వల్లనే మెడ లాగుతుంది. ముందు వైపు మాత్రమే కుండ కట్టిన కావిడిని మోయడం ఎంత కష్టమో ఇదీ అంతే. అందువల్ల పట్టీని బిగించడం దీనికి మందు కాదు, బరువును సర్దడమే మందు.

పెట్టుకునే ముందు పట్టీలన్నిటినీ వదులు చేయాలి. పుర్రె మెడతో కలిసేచోట చేతికి ఒక ఎముక ఉబ్బు తగులుతుంది. వెనక పట్టీ దాని కిందికి వచ్చేలా ముందుగా అమర్చి, ఆ తర్వాతే ముందు భాగాన్ని కళ్ల మీదికి దించాలి. జడ ఉన్నవారు పట్టీని జడ మీదుగా కాక, జడ కింద నుంచి పోనివ్వాలి. ఇప్పుడు ఒక చేత్తో హెడ్‌సెట్‌ను కాస్త పైకెత్తి పట్టుకుని, చెంపల మీది ఒత్తిడి తగ్గేవరకు నడినెత్తి పట్టీని బిగించాలి. బరువు మోయవలసింది ఈ పట్టీయే. పక్క పట్టీల వంతు చివరిది, అదీ తల ఊపితే హెడ్‌సెట్ కదలకుండా ఉండేంతవరకే. కళ్లజోడు ఉన్నవారు మాత్రం ముందు భాగాన్ని జోడు మీద ఆనించి తర్వాత పట్టీని వెనక్కి లాగాలి. లెన్సుకు జోడు అద్దం రాసుకుంటే రెండూ గీతలు పడతాయి కనుక, క్వెస్ట్ 2 పెట్టెలో వచ్చిన, లెన్సును జోడుకు ఎడంగా ఉంచే ముక్కను (స్పేసర్) తప్పక అమర్చుకోవాలి.

ఇంత చేసినా మెడ లాగుతుంటే వెనక వైపు బరువు కట్టాలి. సుమారు 200 గ్రాములు తూగే పవర్ బ్యాంకును వెల్క్రో పట్టీతో తల వెనక బయటివైపు కడితే కావిడికి రెండో కుండ దొరికినట్టే, పైగా ఛార్జింగూ అందుతుంది. మొత్తం బరువు పెరిగినా మెడకు తేలికగా ఉండడం మొదట వింతగా తోస్తుంది. సాగే గుడ్డ పట్టీ ఈ బరువుకు జారుతుంది కాబట్టి, వెనక చక్రం తిప్పి బిగించే గట్టి పట్టీ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

కంటి నొప్పికి కారణం వేరు. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని అద్దం ముందు స్కేలుతో కొలుచుకుని లెన్సులను దానికి సరిపెట్టాలి. క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు స్థానాలే ఉంటాయి. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి కావలసినంత సర్దుకోవచ్చు. ఆపైన హెడ్‌సెట్‌ను కిందికీ పైకీ జరుపుతూ అక్షరాలు పదునుగా కనిపించే చోట ఆపాలి.

తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం కొందరికి మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో ఎలాగో ఇక్కడా అలాగే, కన్నూ చెవీ చెప్పేవి కలవకపోవడమే కారణం: వీఆర్‌లో కన్ను కదలిక చూస్తుంది, చెవిలోని సమతూక అవయవం లేదంటుంది. కొత్తవారు కూర్చుని పది నిమిషాలతో మొదలుపెట్టాలి, నుదుట చెమట పట్టగానే ఆపాలి. పంతం పట్టి కొనసాగితే ఆ వికారం గంటల తరబడి వదలదు.

మన డెల్టాలో అసలు శత్రువు ఉక్కపోత. రోహిణీ కార్తెలో ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరదు, ఆ చెమట, తలనూనె కలిసి స్పాంజి మెత్తలోకి ఇంకితే దురద పుడుతుంది. 2021లో క్వెస్ట్ 2 మెత్త వల్ల కొందరికి దద్దుర్లు వచ్చాయని, అమెరికాలో సుమారు 40 లక్షల మెత్తలను రీకాల్ చేసి సిలికాన్ తొడుగులు ఇచ్చారు. సిలికాన్‌ను తుడవడం సులువే గానీ, చెమట దాని అంచున గుంటకడుతుంది. అందుకే దాని మీద పల్చని నూలు గుడ్డ తొడుగు వేసి, ప్రతిసారీ ఉతికి ఆరేస్తాను. తలంటు తర్వాత, నూనె రాయకముందు ఆడడం ఇంకా మంచిది. టేబుల్ ఫ్యానును ఎదురుగా పెట్టుకుంటే చల్లదనంతో పాటు, మనం ఏ వైపు తిరిగి ఉన్నామో గాలిని బట్టి తెలుస్తుంది. ఏసీ గదిలో ఉన్న హెడ్‌సెట్‌ను వరండాలోకి తెచ్చి వెంటనే పెట్టుకుంటే లెన్సులు మసకబారతాయి. పది నిమిషాలు ఆన్ చేసి ఉంచాలి.

ఆడడం అయ్యాక లెన్సులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి, స్పిరిట్టు, శానిటైజరు తగలనివ్వకూడదు. చెమట ఆరుతుందని హెడ్‌సెట్‌ను డాబా మీద ఎండలో పెట్టకండి. లెన్సులు భూతద్దంలా ఎండను పోగుచేసి లోపలి తెరను కాల్చేస్తాయి, ఆ మచ్చ మళ్లీ పోదు. తొడుగును విడదీసి నీడన ఆరబెట్టండి. వానాకాలం తడి లాగేస్తుందని బియ్యం డబ్బాలో దాచేవారున్నారు. తవుడు పొడి సందుల్లోకి చేరుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేసి, లెన్సులు మీదికి కాక కిందికి ఉండేలా పెట్టండి.