1950ల రాకెన్‌రోల్ పాట చార్టులో ఎంతదాకా ఎక్కిందో సరిచూడటం ఎలా?

ఫలానా పాట 1956లో ‘నంబర్ వన్’ అని కనబడితే ముందు అడగాల్సింది ఒక్కటే: ఏ చార్టులో?

1955లో అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ పాప్ పాటలకే వారంవారం మూడు పట్టికలు వేసేది. దుకాణాల్లో అమ్ముడైన రికార్డులకు ఒకటి, రేడియోలో డిస్క్ జాకీలు వేసినవాటికి ఒకటి, జూక్‌బాక్సుల్లో (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రాల్లో) ఎక్కువగా మోగినవాటికి ఒకటి. 1955 నవంబర్ 12 సంచికతో, ఆ మూడు లెక్కలనూ కలిపిన ‘టాప్ 100’ నాలుగోదిగా వచ్చింది. జూక్‌బాక్స్ పట్టిక 1957 జూన్ 17తో ఆగిపోయింది. డిస్క్ జాకీల పట్టిక, టాప్ 100 రెండూ 1958 జూలై 28తో ముగిశాయి. ఆ మరుసటి వారమే, ఆగస్టు 4న, ‘హాట్ 100’ మొదలైంది. అందులో మొట్టమొదటి స్థానం రికీ నెల్సన్ పాడిన ‘పూర్ లిటిల్ ఫూల్’ది. అమ్మకాల పట్టిక మాత్రం అక్టోబర్ 13 దాకా నడిచింది.

కాబట్టి ముందు తేదీ చూడండి. ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ హాట్ 100లో మొదటి స్థానం కొట్టిందని చాలాచోట్ల రాస్తారు. అది తప్పు. ఆ పాట పైకెక్కిన 1955 జూలై నాటికి హాట్ 100 సంగతి అటుంచి, టాప్ 100 కూడా పుట్టలేదు.

తర్వాత అసలు సంచిక తెరవండి. వరల్డ్ రేడియో హిస్టరీ సైటులోనూ గూగుల్ బుక్స్‌లోనూ పాత బిల్‌బోర్డ్‌లు స్కాన్ చేసి ఉన్నాయి. పట్టిక పేరు, ఈ వారం స్థానం, కిందటి వారం స్థానం, లేబుల్ (రికార్డు కంపెనీ పేరు), రికార్డు నంబరు ఎత్తిరాసుకోండి. పట్టిక తలమీద సర్వే వారం ముగిసిన తేదీ కనిపిస్తే దాన్ని విడిగా రాయండి. అది సంచిక తేదీకి ముందుది. ఒకచోట అదీ, ఇంకోచోట ఇదీ వాడితే వారాల లెక్క తప్పుతుంది.

రికార్డు నంబరును చిన్నచూపు చూడొద్దు. అప్పట్లో ఒకే పాటను నలుగురైదుగురు పాడి విడుదల చేసేవారు, ఎవరిది ఏదో తేల్చేది ఆ నంబరే. ఆర్‌సీఏ విక్టర్ కంపెనీలో 20-6604 అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు, 47-6604 అంటే 45 చుట్లు తిరిగేది. చివరి నాలుగంకెలు ఒకటే గనక రెండూ ఒకే విడుదల.

ఎల్విస్ ప్రెస్లీ పాడిన ఆ 6604 రికార్డులోనే పెద్ద చిక్కుంది. ఒకపక్క ‘హౌండ్ డాగ్’, ఇంకోపక్క ‘డోంట్ బి క్రూయల్’. అమ్మకాల పట్టికలో లెక్క రికార్డుకి, కనుక ఆ రెండు పాటలూ కలిసి 11 వారాలు పైన నిలిచాయి. టాప్ 100లో లెక్క పాటకి, అక్కడ ‘డోంట్ బి క్రూయల్’ ఒకటో స్థానానికి చేరితే ‘హౌండ్ డాగ్’ రెండుతో ఆగింది. రెండు మాటలూ నిజమే, పట్టిక పేరు రాయకపోతేనే అబద్ధమవుతాయి. వేర్వేరు పట్టికల వారాలను కలిపి కూడకండి.

క్యాష్‌బాక్స్ పత్రిక అంకెలు దొరికితే వాటిని బిల్‌బోర్డ్ అంకెల పక్కన పెట్టి పోల్చొద్దు. 1950ల నడుమ అది ఒక పాటకున్న అందరి రికార్డులనూ కలిపి ఒకే స్థానం ఇచ్చేది.

బ్రిటన్ సంగతి వేరు. అక్కడి మొదటి పట్టికను 1952 నవంబర్ 14న ఎన్‌ఎంఈ (న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్) పత్రిక అచ్చేసింది, సుమారు 20 దుకాణాలకు ఫోన్లు చేసి. 12 స్థానాలే అయినా, సమానంగా అమ్ముడైనవాటితో కలిపి 15 రికార్డులు పట్టాయి. ఈనాటి అధికారిక లెక్క 1960 మార్చి 10కి ముందు ఎన్‌ఎంఈని, అక్కణ్ణుంచి రికార్డ్ రిటైలర్ పత్రికని పట్టుకుంటుంది.

నమోదు ఇలా ఉండాలి: రాక్ అరౌండ్ ద క్లాక్, బిల్ హేలీ అండ్ హిజ్ కామెట్స్, డెక్కా 29124, బిల్‌బోర్డ్ అమ్మకాల పట్టిక, 1వ స్థానం, 1955 జూలై 9 సంచిక మొదలు 8 వారాలు.

దీని పక్కన ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్, అంటే ప్రధానంగా నల్లజాతి శ్రోతల సంగీతానికి బిల్‌బోర్డ్ విడిగా వేసిన పట్టికల) గడి తప్పకుండా పెట్టండి. 1955లో ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ను ప్యాట్ బూన్ పాడి పాప్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లాడు. దాన్ని ముందు పాడిన ఫ్యాట్స్ డామినో రికార్డు పాప్‌లో 10 దగ్గరే ఆగింది, ఆర్ అండ్ బీలో మాత్రం 11 వారాలు ఒకటో స్థానంలో ఉంది. చక్ బెర్రీ ‘మేబెలీన్’ పాప్‌లో 5, ఆర్ అండ్ బీలో 1. ఆ గడి లేకపోతే ఈ సంగీతాన్ని పుట్టించినవాళ్లే మీ జాబితాలో అడుగున కనిపిస్తారు.