ఇండోనేషియా ఫుడ్ ఫెస్టివల్‌లో ఎలా తినాలి?

రెస్టారెంట్లలో జరిగే ఇండోనేషియా ఫుడ్ ఫెస్టివల్‌కు వెళ్ళేవారిలో చాలామంది ప్లేటు నిండా నాసి గోరెంగ్ అనే వేయించిన అన్నం, దాని పక్కన మాంసం ముక్కలు గుచ్చి కాల్చిన నాలుగు సతే పుల్లలు పెట్టుకొని, సంబల్ అనే మిరప పచ్చళ్ళలో కనిపించిన ప్రతిదాన్నీ పైన వడ్డించుకొని, అన్నీ కలిపి తిని, చివరకు అంతా ఒకే రుచిగా ఉందని పెదవి విరుస్తారు. అందులో వంటవారి తప్పేమీ లేదు, తిన్న వరుసలోనే తప్పుంది.

మొదట, బఫే తెరిచిన వెంటనే వెళ్ళండి. చిన్న ప్లేటు, చెంచా, ఫోర్కు చాలు. చేత్తో తినాలనిపిస్తే కుడిచేత్తో నిరభ్యంతరంగా తినవచ్చు, అక్కడా అది ఉన్న పద్ధతే.

రెండవది, శాకాహారులు వడ్డించుకోకముందే అడగాలి. గాడో-గాడో కూరగాయల వంటకమే అయినా, దాని వేరుశనగ సాస్‌లో తెరాసి, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద, ఉండవచ్చు; పైన పెట్టే అప్పడం కూడా రొయ్యలదే కావచ్చు. జావా దీవిలోని యోగ్యకర్తవారి గుదెగ్ లేత పనసకాయతో చేసేదే అయినా, పక్కన పశుచర్మంతో చేసిన క్రెచెక్ వడ్డించడం అక్కడ మామూలే. సోయా గింజలను పులియబెట్టి చేసే టెంపే ఉంటే దానితో మొదలుపెట్టవచ్చు.

మూడవది, సోతో. పసుపు వేసిన ఈ కోడి పులుసును వేడిగా, నిమ్మరసం పిండుకొని తాగండి. ఆ తర్వాతే అన్నం, అదీ తెల్లన్నమే. నాసి గోరెంగ్ ఏ రోజైనా దొరుకుతుంది కాబట్టి ఫెస్టివల్‌లో దాని జోలికి పోకూడదన్నది నా నియమం.

నాల్గవది సంబల్, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. చోబెక్ అనే రాతి పళ్ళెంలో నూరిన ఎర్రటి సంబల్‌ను చూడగానే తెలుగువారికి రోటిపచ్చడి గుర్తుకువచ్చి, అన్నమంతటికీ కలిపి ముద్దలు చేసుకోబుద్ధవుతుంది. దయచేసి అలా కలపకండి. సంబల్‌ను ప్లేటు అంచున విడిగా పెట్టుకొని, ప్రతి ముద్దకూ చెంచా మొనకు అంటినంత మాత్రమే తీసుకోవాలి; కలిపేస్తే కొబ్బరిపాలు, గలంగల్ అనే అల్లంలాంటి దుంప, నిమ్మగడ్డి రుచులన్నీ దాని కింద అణగిపోతాయి.

ఏ సంబల్ దేనికన్నది కూడా ముఖ్యమే. కాల్చిన రొయ్యల ముద్ద వేసి నూరిన సంబల్ తెరాసిని వేయించిన కోడి, వేయించిన చేప, పచ్చి దోసకాయ ముక్కలతో తినండి. బాలీవారి సంబల్ మతాహ్‌లో చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, మిరపకాయలు పచ్చివే తరిగి, కొబ్బరినూనె కలుపుతారు. అది నిప్పులమీద కాల్చిన చేపకు సరిపోతుంది, కాని ఎక్కువసేపు గిన్నెలో ఉంటే నీరు వదిలి మెత్తబడుతుంది గనుక కొత్తగా కలిపినప్పుడే తీసుకోండి. సతేకు వేరుశనగ సాస్ ఉండగా మరే సంబల్ అక్కరలేదు. కారం మరీ నషాళానికి అంటితే మంచినీళ్ళ వల్ల ప్రయోజనం ఉండదు, ఎందుకంటే మిరప ఘాటు నీటిలో సరిగా కరగదు. తెల్లన్నం రెండు ముద్దలు తినండి.

అయిదవది రెందాంగ్. పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావు ప్రజల ఈ వంటకంలో కొబ్బరిపాలు గంటల తరబడి మరిగి, నీరంతా ఇగిరి, పైకి తేలిన నూనెలోనే మాంసం వేగి ముదురు గోధుమరంగుకు రావాలి. గ్రేవీ ఇంకా జారుతూ ఉంటే అది కాలియో అనే ముందు దశ. అదీ రుచికరమే, కాని దానికి రెందాంగ్ అని బోర్డు పెట్టడం నాకు నచ్చదు. సంప్రదాయంగా ఎద్దు లేదా గేదె మాంసంతో చేస్తారు కనుక, పట్టింపు ఉన్నవారు ఏ మాంసమో ముందే కనుక్కోవాలి. దీనికి తెల్లన్నం తప్ప తోడు వద్దు, పచ్చిమిరప సంబల్ కొద్దిగా ఉంటే చాలు.

చివరగా క్లెపోన్ అనే తీపి ఉండ. కొబ్బరి కోరు పొర్లించిన ఆ పచ్చని ఉండను కొరికితే, లోపలి కరిగిన బెల్లం చొక్కా మీద పడుతుంది. అందుకే కాస్త చల్లారనిచ్చి, ఉండను మొత్తంగా నోట్లో వేసుకొని, పెదవులు మూసి నమలండి.