కాళ్ల వాపు లేకుండా డాలస్ చేరాను

డాలస్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాలంటే నాకు కాళ్ల వాపే పెద్ద టెన్షన్. దుబాయ్ నుంచి అక్కడికే సుమారు 16 గంటలు. ఈసారి డాక్టరుగారిని అడిగి కంప్రెషన్ సాక్స్ (కాళ్లను బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు) వేసుకున్నాను. నడవ పక్క సీటు ముందే తీసుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేశాను. దిగేసరికి చెప్పులు హాయిగా పట్టాయి!

టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడొద్దు. అమెరికా వెళ్లే విమానాల్లో దానికి డబ్బు తీసుకోకూడదు. ఇమిగ్రేషన్ దాకా మనిషి తోడుంటాడు.

ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే, మందుల చీటీతో సహా. కింద వేసే పెట్టెలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్ల భోజనం కూడా ముందే చెప్పొచ్చు.

దుబాయ్‌లో గంటన్నరే ఆగే టికెట్ చౌకగా వస్తుందని మావాడన్నా, నేను మూడు గంటలున్నదే తీసుకోమన్నాను.