ఫోకస్ లాక్ చేసి ఫ్రేమ్ మార్చడం ఎలా?

మనిషిని ఫ్రేములో ఓ పక్కకు పెట్టి తీస్తే ముఖం మసకగా, వెనక గోడ స్పష్టంగా వస్తుంది. అప్పుడు చాలామంది లెన్స్‌ను తిట్టుకుంటారు. లోపం దాదాపు ఎప్పుడూ షట్టర్ బటన్ మీది వేలి దగ్గరే ఉంటుంది. ముందు కంటి మీద ఫోకస్ పట్టి, ఆ పట్టు వదలకుండా ఫ్రేమ్ మార్చాలి.

ముందు సెట్టింగులు. ఫోకస్ మోడ్ సింగిల్‌లో, అంటే ఒకసారి పట్టిన ఫోకస్‌ను అలాగే ఉంచేదానిలో, ఉండాలి: కానన్‌లో వన్ షాట్, నికాన్, సోనీల్లో ఏఎఫ్-ఎస్. కంటిన్యువస్‌లో ఉంటే కెమెరా తిప్పగానే ఫోకస్ ఎదురొచ్చిన దాని మీదకు జారిపోతుంది. మోడ్‌ను కెమెరాయే ఎంచుకునే ఏఎఫ్-ఏ, ఏఐ ఫోకస్ కూడా వద్దు. ఫోకస్ పాయింట్ (తెర మీద కెమెరా ఫోకస్ పట్టే గుర్తు) ఒక్కటే, అదీ నడిమిదే.

ఆ పాయింట్‌ను దగ్గరి కంటి మీద ఉంచి బటన్ సగం నొక్కండి. బీప్ వినిపించాక వేలు అలాగే ఉంచి, ఫ్రేమ్ మార్చి, పూర్తిగా నొక్కండి. మధ్యలో వేలు వదిలితే లాక్ పోయినట్టే. జూమ్ ముందే చేసుకోండి. లాక్ అయ్యాక జూమ్ తిప్పితే చాలా లెన్సుల్లో ఫోకస్ కదిలిపోతుంది.

అసలు తంటా ఫ్రేమ్ మార్చడంలో ఉంది. పదునుగా పడే ప్రాంతం లెన్స్‌కు ఎదురుగా నిలబెట్టిన అద్దపు పలకలాంటిది. కెమెరాను తిప్పితే పలకా తిరుగుతుంది, దాంతో కన్ను పలకకు ఇవతల, అంటే మీ వైపు ఉండిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్స్, ఎఫ్/1.8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదై పదును మందం పెరుగుతుంది), మీటరు దూరం అనుకోండి. పదును మందం మొత్తం సుమారు 4 సెంటీమీటర్లు, కంటికి ముందు 2, వెనక 2. కెమెరాను 13 డిగ్రీలు తిప్పితే ఫోకస్ రెండున్నర సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. కన్ను మెత్తబడుతుంది, చెవి దగ్గర వెంట్రుకలు మాత్రం లెక్కపెట్టొచ్చు. వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే ఇంకా జాగ్రత్త, అంచుకు జరపడానికి ఎక్కువ కోణం తిప్పాల్సి వస్తుంది.

కాబట్టి కెమెరాను తిప్పకండి, జరపండి. మణికట్టు మెలిపెట్టకుండా, లెన్స్ చూపు మార్చకుండా, కెమెరాను పక్కకో కిందకో సమాంతరంగా తీసుకెళ్లండి. అంత జరిపే వీలు లేకపోతే ఎఫ్/4కు రండి, లేదా ఒకడుగు వెనక్కి వేసి మళ్ళీ ఫోకస్ చేయండి. లాక్ అయ్యాక మాత్రం ముందుకూ వెనక్కూ ఊగకూడదు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఒకటి రెండు సెకన్లలో క్లిక్‌మనిపించాలి. మూడు మీటర్ల దూరంలో ఎఫ్/8 దగ్గర ఈ బాధ లేదు, ఎలా తిప్పినా పర్వాలేదు.

ఫోకస్ పాయింట్‌నే కెమెరా వెనక ఉండే చిన్న జాయ్‌స్టిక్‌తో జరపొచ్చు కదా అంటారు. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌ కెమెరాలలో అంచు పాయింట్లు మసక వెలుతురులో తడబడతాయి, నడిమిదే నమ్మకం. కంటిని గుర్తుపట్టే మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని) కెమెరా ఉంటే మనుషుల ఫోటోలకు ఈ పద్ధతి అవసరమే రాదు. కదిలే పిల్లలకు ఇది అసలు పనికిరాదు.

ఇంకో చిక్కు: చాలా కెమెరాలు సగం నొక్కినప్పుడే ఎక్స్‌పోజర్‌నూ (ఫోటోకు ఎంత వెలుగు కావాలన్న లెక్కను) పట్టేస్తాయి. ముఖం నల్లబడుతుంటే ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్ (ఆ వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) వాడండి.

తీశాక స్క్రీన్ మీద కంటి దగ్గర పెద్దది చేసి చూడండి. చెవి పదునుగా ఉంటే కెమెరా తిప్పేశారు. ముక్కు కొన పదునుగా ఉంటే మీరు వెనక్కి ఊగారు. అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే అది ఫోకస్ గొడవ కాదు, షట్టర్ స్పీడు పెంచండి.